దేవుడి కోసం గడియ పెట్టని తలుపు

దుకాణాన్ని పంచుకున్నారు కానీ, దేవుణ్ణి పంచుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. అందుకే ఆ తలుపు మిగిలింది.

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక, ఈ వీధి నుంచి ఆ వీధి దాకా పొడుగ్గా సాగిన పాత బట్టల దుకాణం అది. ముందు షట్టరు ఆబిడ్స్ వైపు, వెనక షట్టరు నాంపల్లి స్టేషనుకు పోయే దారి మీదికి. రామచందర్ బతికున్నన్నాళ్ళూ రెండు షట్టర్లూ ఒకే దుకాణానివి. అతను గుండెపోటుతో పోయాక తమ్ముడు జితేందర్ నడిమికి గోడ కట్టించాడు. ముందు సగం తమ్ముడిది. వెనక సగం రామచందర్ భార్య విమలది.

గోడ కడుతున్న మేస్త్రీ దేవుడి గూడు దగ్గరికొచ్చి చెయ్యి ఆపాడు. యాదగిరి నరసింహస్వామి పటం ఉన్న గూడు ముందు సగంలో పడింది మరి. విమల అత్తగారు అప్పటికి మంచం పట్టి ఉంది. అక్కడి నుంచే కబురు పంపింది. "సామిని కదిలియ్యొద్దు. గూడు పక్కకు చిన్న తలుపు పెట్టున్రి. పెద్దకోడలు పొద్దుగాల వచ్చి దీపం పెడ్తది. గా తలుపుకు గడియ పెట్టొద్దు."

ఆవిడ పోయింది. తలుపు అట్లాగే ఉంది. గడియ లేదు, తాళం లేదు, వేలితో తోస్తే తెరుచుకుంటుంది.

వదినకూ మరిదికీ మాటల్లేక నాలుగేళ్ళు. "ఆడమనిషికి దుకాణం ఏందికి? కిరాయికిచ్చి ఇంట్ల కూసో" అని పంపకాల నాడు జితేందర్ అన్న మాట విమల మనసులో ముల్లులా దిగబడింది. కిరాయికివ్వలేదు. తన పేరు మీద జీఎస్టీ నంబరు తీసుకుంది, వెనక రోడ్డు మీద బోర్డు పెట్టించింది, బడిపిల్లల యూనిఫాంలు కుట్టించి ఇవ్వడం మొదలుపెట్టింది. గుడ్డ తను కత్తిరిస్తుంది. చాదర్‌ఘాట్‌లో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఇళ్ళల్లో మిషన్ల మీద కుట్టి తెస్తారు.

మాటల్లేవు గానీ, ప్రతి పొద్దున ఆమె ఆ తలుపు తోసుకొని వచ్చేసరికి జితేందర్ లేచి ఫ్యాను ఆపేవాడు. తాతల నాటి ఫ్యాను, తిరిగినంతసేపూ కిర్రుకిర్రుమంటుంది. అది ఆగితే గానీ వత్తి అంటుకోదు. విమల దీపం వెలిగించి, దండం పెట్టుకొని, పటికబెల్లం ముక్క ఒకటి గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళిపోయేది. ఆమె వెనక తలుపు మూసుకున్నాకే మళ్ళీ కిర్రుకిర్రు వినిపించేది. ఇద్దరిలో ఎవరూ దీన్ని గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత పెద్ద సంగతి అనుకోలేదు.

విమలది ఆలేరు అవతల చిన్న ఊరు. ఊరి బడిలోనే పది చదివింది. తండ్రిది కిరాణా కొట్టు. పక్కన కల్లు గీసే గౌండ్ల ఇళ్ళు. ఆబ్కారీ జీపు వచ్చిందంటే ఊళ్ళో తలుపులన్నీ టపటపా మూసుకునేవి. సారా కోసం వెతుకుతూ వాళ్ళు ఏ ఇల్లు పడితే ఆ ఇంట్లోకి వచ్చేవారు, దేవుడర్రలోకి కూడా బూట్లతోనే. ఒకసారి వీళ్ళింట్లోకీ వచ్చారు. సారా కుండ అనుకొని అమ్మ పెరుగు కుండను కాలితో తన్నారు. తెల్లగా పెరుగు పారుతుంటే తండ్రి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "మా ఇంట్లకెందుకొచ్చిన్రు సార్?" అని అడగలేదు. ఊళ్ళో ఎవరూ అడగలేదు. అట్లా అడగొచ్చని కూడా ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం గౌండ్లాయన భార్య తన ఇంట్లో ఉన్న పెరుగంతా గిన్నెలో తెచ్చి అమ్మకిచ్చి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. విమలకు రెండూ గుర్తే. పెరుగు గిన్నె గుర్తొచ్చినప్పుడు మనసు చల్లబడేది. జీపు చప్పుడు విన్నప్పుడు మాత్రం ఇన్నేళ్ళకూ చేతిలో పని ఆగిపోయేది.

మే నెల చివర. బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. విమల గదిలో గోడ పొడుగునా తెల్ల చొక్కాలు, నీలం గౌన్లు మడతలు పెట్టి ఉన్నాయి. ఆ పొద్దున వెనక షట్టరు ఎత్తి, గడప కడిగి, గుడ్డ కత్తిరించే బల్ల కింద చీపురు పెట్టిందో లేదో, చీపురు దేనికో తగిలింది.

వంగి చూసింది. గోనెపట్టా చుట్టిన మూటలు మూడు. ఒక మూట మూలన పట్టా చిరిగి లోపలి గుడ్డ మెరుస్తోంది. పెళ్ళికొడుకుల షేర్వానీలకు వాడే జరీ గుడ్డ.

తన దగ్గర తెలుపూ నీలమూ తప్ప మూడో రంగు లేదు. విమలకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. వారం రోజులుగా వీధిలో అదే గుసగుస. పన్నులోళ్ళు తిరుగుతున్నారు, సుల్తాన్ బజార్‌లో ఎవరి దుకాణానికో సీలు వేశారు అని. బిల్లు లేని సరుకు జితేందర్ దగ్గర ఉందేమో, దేవుడి తలుపులోంచి ఇటు తోసేశాడు.

మొదట కోపం వచ్చింది. అడగకుండా, చెప్పకుండా, నా గదిలోకి! కోపం వెనకే భయం వచ్చింది. ఈ మూటలు తన గదిలో దొరికితే తనవే అంటారు. గదికి సీలు వేస్తారు. లోపల పిల్లల బట్టలు చిక్కుకుంటాయి. కుట్టిన ఆడవాళ్ళకు ఏం చెప్పాలి? బళ్ళవాళ్ళు ఇంకో ఏడు తన గడప తొక్కుతారా?

'సామీ, ఇయ్యాల నోరు తెరిచి అడుగుతా. దీపం పెట్టి అడుగుతా,' అనుకుంది. నూనె గిన్నె తీసుకొని తలుపు తోసింది.

ఫ్యాను ఆగలేదు.

ముందు దుకాణం నిండా కొత్త మనుషులు. ఒకతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు, ఇంకొకతను అరల్లోని తానులు లెక్కపెడుతున్నాడు. షట్టరు సగానికి దించి ఉంది, దాని కిందుగా తెల్ల జీపు టైరు కనిపించింది. గోడకు ఆనుకొని జితేందర్, ముఖంలో నెత్తురు చుక్క లేదు. బయట సోడా బండి పెట్టుకునే బిచ్చయ్యను సాక్షిగా పట్టుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు.

"నాకు సంతకం రాదు సార్," అంటున్నాడు బిచ్చయ్య. "బొటనవేలేస్త. గది కూడ నిమ్మకాయలు పిండి పిండి అరిగిపోయింది, పడ్తదో పడదో."

ఎవరూ నవ్వలేదు. కళ్ళద్దాల ఆఫీసరు, మల్లేశ్వరరావు అంటారు ఆయన్ని, గూడు పక్క తలుపును అప్పుడే చూశాడు. తలుపులో నూనె గిన్నెతో విమల.

"ఇదేంటిది? గోడౌనా?"

"కాదు సార్. అది మా వదినెది," అన్నాడు జితేందర్, నేల చూస్తూ.

"మీ వదినగారిదైతే మీది కానట్టా? మధ్యన తలుపు బార్లా తెరిచే ఉందిగా. గడియ కూడా లేదు." తలుపును వేలితో అటూ ఇటూ ఆడించాడు. "ఒకే కరెంటు మీటరు, ఒకే దేవుడు, ఒకే కుటుంబం. ఒకే వ్యాపారం. ఇదీ లెక్క రాసేద్దాం. తేడా వస్తే రెంటికీ సీలు."

అంటూ కాలు గడప దాటించాడు.

నల్లటి బూటు తన గదిలో పడింది. విమల వెనక్కు జరిగింది. బల్ల అంచు నడుముకు తగిలింది. ఆ బల్ల కిందే మూటలు. ఆమెకు పెరుగు కుండ కనిపించింది, పారుతున్న పెరుగు కనిపించింది. నూనె గిన్నె చేతిలో టకటకలాడుతోంది.

"సుధా, మీరు ఆవిడతో ఉండండి. ఏదీ కదపనివ్వకండి," అని చెప్పి ఆయన కాగితాలు తెచ్చుకోవడానికి ముందు వైపు వెళ్ళాడు.

సాయిసుధ అనే ఆ ఇన్‌స్పెక్టరమ్మ చిన్న వయసుది. గదిలోకి రాలేదు, గడప అవతలే నిలబడింది. విమల చేతుల వణుకు చూసి, బ్యాగులోంచి తన నీళ్ళ సీసా తీసి గడప మీదుగా అందించింది.

"తాగండమ్మా. ముందు ఆ గిన్నె కింద పెట్టండి, ఒలికిపోతుంది."

విమల రెండు గుక్కలు తాగింది. మూడోది పొలమారింది.

"మీ బోర్డు ఎటు వైపుందమ్మా?"

"ఎనక రోడ్డు మీద."

"నంబరు వేరేనా?"

"ఔ. మా ఆయన పోయినంక నా పేరు మీద తీసుకున్న. బిల్లులన్నీ ఉన్నయి తల్లీ. నేనేం తప్పు చెయ్యలే." 'చెయ్యలే' అంటుంటే బల్ల కింది మూటలు వెన్నులో గుచ్చుకున్నట్టయింది.

సాయిసుధ ముందు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మేము ఒక చోట వెతకాలంటే పైఆఫీసరు ఉత్తర్వు ఇవ్వాలి. ఏ చోటో దాంట్లో రాసి ఉంటుంది. రాసిన చోటే చూడాలి, పక్క చోటు చూడకూడదు. మీ వెనక రోడ్డు మా సర్కిలు పరిధిలోది కూడా కాదు, వేరే సర్కిలు. ఆ కాగితంలో మీ దుకాణం ఉందా అని సార్‌ను అడగండి. అడిగితే తప్పు కాదమ్మా. చూపించమనే హక్కు మీకుంది."

"నేనా? అడుగుడా?"

"మీరే. మీ గది కదా."

ఆ పిల్ల చెప్పినంత సులువా? నాన్న అడగలేదు. ఊరు ఊరంతా అడగలేదు. అడిగితే కోపమొస్తే? కోపంతో ఇప్పుడే బల్ల కింద చూస్తే? విమల గడప అవతల గూట్లో ఉన్న స్వామి వంక చూసింది. దీపం లేక పటం మసకగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత పొద్దెక్కే దాకా ఆ గూడు చీకటిగా ఉన్నది లేదు.

మల్లేశ్వరరావు కాగితాలతో తిరిగొచ్చాడు. కాలు ఎత్తాడు.

"సార్." తన గొంతు తనకే వినబడలేదు. మళ్ళీ అంది. "సార్, జర ఆగున్రి. మీ కాయితంల నా దుకాణం ఉన్నదా?"

కాలు గాల్లోనే ఆగింది. దుకాణంలో చప్పుళ్ళన్నీ ఆగాయి, ఫ్యాను తప్ప.

"మీకెవరు చెప్పారమ్మా ఇలా అడగమని?"

సాయిసుధ కళ్ళు దించుకుంది. పిల్ల మంచికి చెప్తే పిల్లకే మాట వస్తుందా? విమల పటం వైపు చూసింది.

స్టూలు మీది నుంచి బిచ్చయ్య అందుకున్నాడు. "ఇంకెవలు సార్, నరసింహసామే చెప్పుండాలె. గాడ గూట్ల కూసొని పొద్దుగాల సంది గిదంత చూస్తనే ఉన్నడు. దీపం లేదని గరంగ కూడ ఉన్నట్టున్నడు."

ఎవరో కిసుక్కుమన్నారు. మల్లేశ్వరరావు నవ్వలేదు గానీ ముఖంలో బిగువు సడలింది. కళ్ళద్దాలు పైకి నెట్టుకొని ఉత్తర్వు మొదటి నుంచి చదివాడు. చిరునామా దగ్గర వేలు ఆగింది. తర్వాత వెనక షట్టరు లోంచి కనిపిస్తున్న రోడ్డును చూశాడు. ఎవరికో ఫోను చేసి పక్కకు వెళ్ళి మాట్లాడాడు. వచ్చి, గడప ఇవతల, అంటే ముందు దుకాణం వైపే, కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"లేదమ్మా. మీ దుకాణం దీంట్లో లేదు. ఇందాక నేను లోపల కాలు పెట్టడం కూడా సరి కాదు. అది నా తొందర."

ఒక ఆఫీసరు తన తప్పు తన నోటితో చెప్పుకోవడం విమల ఎన్నడూ వినలేదు.

"కానీ మీ వైపు సర్కిలు వాళ్ళకు కబురు పెట్టాను. అవసరం అనుకుంటే వాళ్ళ ఉత్తర్వు వాళ్ళు తెచ్చుకొని వస్తారు. తలుపు ఇలా తెరిచి ఉంది కాబట్టి అడుగుతున్నాను. చెప్పాలని బలవంతం లేదు. మీ గదిలో ఉన్న సరుకంతా మీదేనా?"

పోయిందనుకున్న భయం రెట్టింపై వచ్చింది. ఔనంటే అబద్ధం. స్వామి ముందర అబద్ధం. కాదంటే మరిది మెడకు ఉరి. ఏమీ అనకుంటే, ఇంకో జీపు వస్తుంది, ఇంకో కాగితం వస్తుంది, ఆ కాగితంలో తన పేరు ఉంటుంది. అప్పుడు ఆపే హక్కు ఉండదు. నాలుగేళ్ళ కష్టం ఆ మూడు మూటల కింద పడి నలిగిపోతుంది.

జితేందర్ ఆమె వంకే చూస్తున్నాడు.

"దీపం పెట్టలే సార్," అంది విమల. "పెట్టి చెప్త."

"పెట్టండమ్మా. నేనేం ఆపను." ఆయన కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నాడు.

గడప దాటి వచ్చింది. కుందిలో నూనె పోయబోతే సగం గూట్లో ఒలికింది. పటం కింద నుంచి గోడ మీదికి సన్నగా కారింది. అగ్గిపుల్ల గీసింది. ఫ్యాను గాలికి ఆరిపోయింది. ఇంకొకటి. అదీ ఆరింది. మూడోది వేళ్ళ మధ్య విరిగింది. వెనక అందరూ చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి గానీ, ఏ స్తోత్రమూ నోటికి రావడం లేదు.

కిర్రుకిర్రు ఆగింది.

వెనక్కు తిరిగితే, స్విచ్చు మీద చెయ్యి పెట్టి జితేందర్. అతని కళ్ళ నిండా నీళ్ళు.

విమల మళ్ళీ పుల్ల గీసింది. వత్తి అంటుకుంది. మసకబారిన పటంలో స్వామి ముఖం పచ్చగా వెలిగింది.

"సార్," అన్నాడు జితేందర్. "గా గదిల మూడు మూటలు నావి. నిన్న పొద్దుమీకినంక నేనే పెట్టిన. బిల్లు లేదు. వదినెకు ఎర్కలేదు. ఆమెను ఏమనకున్రి."

"హమ్మయ్య," అని బిచ్చయ్య మెల్లగా ఊపిరి వదిలాడు.

"మీరే తెచ్చి ఇటు పెట్టండి," అన్నాడు మల్లేశ్వరరావు. "నేను ఆ గడప దాటను."

జితేందర్ తలుపు దాకా వెళ్ళాడు. నిన్న సాయంత్రం ఎవర్నీ అడక్కుండా మూటలు మోసుకొని దాటిన గడపే. ఇప్పుడు ఆఫీసరు కుర్చీ పక్కన, ఆ ఆఫీసరు ఆగిన చోటే తనూ ఆగాడు.

"వదినె," అన్నాడు. నాలుగేళ్ళకు పలికిన మాట, బొంగురుగా వచ్చింది. "లోపటికి రావొచ్చా?"

విమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల ఊపితే చాలదనిపించింది.

"రా జితేందర్," అంది.

అతను ఒక్కొక్క మూటే ఎత్తి తెచ్చి స్వామి గూటి ముందు పెట్టాడు. సాక్షి కాగితం మీద బిచ్చయ్య బొటనవేలు వేశాడు, బాగానే పడింది. మూటలు జితేందర్ లెక్కలో రాసుకున్నారు. పన్నూ జరిమానా కట్టాలన్నారు, కడతానన్నాడు. విమల గదిలోంచి ఒక్క గుండీ కూడా ఎవరూ ముట్టుకోలేదు.

ఆఫీసరు వాళ్ళు వెళ్ళేముందు బిచ్చయ్య అందరికీ సోడా కొట్టబోతే సాయిసుధ చెయ్యి అడ్డం పెట్టింది. "డ్యూటీలో తాగొద్దు బాబాయ్." విమల నీళ్ళ సీసా తిరిగివ్వబోయింది. అది మాత్రం తీసుకోలేదు. "ఉంచుకోండమ్మా. ఇంకా వణుకుతున్నారు."

మల్లేశ్వరరావు బూట్ల చప్పుడు కాకుండా మెల్లగా అడుగులేస్తూ బయటికి పోబోయి ఆగాడు. "ఒక మాటమ్మా. దేవుడికి దారి ఉంచుకోండి, నేను కాదనను. కానీ ఆ తలుపుకు మీ వైపు నుంచి ఒక గడియ పెట్టించుకోండి. మీది ఎక్కడ మొదలవుతుందో మీ ఇంటివాళ్ళకూ తెలియాలి, మాలాంటి వాళ్ళకూ తెలియాలి."

మర్నాడే వడ్రంగి వచ్చి గడియ బిగించాడు. మేకు మీద దెబ్బ పడినప్పుడల్లా విమల మనసులోనే అత్తగారికి దండం పెట్టుకుంది. 'నీ మాట దాటుతున్న అత్తమ్మా. మరిచిపోలే.' ఆ మధ్యాహ్నం, సాయంత్రం, వెనక రోడ్డు మీద ఏ బండి ఆగినా కత్తెర ఆగిపోయింది. అటు సర్కిలు వాళ్ళు ఎప్పుడైనా రావచ్చు. వస్తే బిల్లులన్నీ చూపిస్తుంది, దాచేది ఏమీ లేదు. అది తెలిసీ చెవి రోడ్డు మీదే ఉంది.

తెల్లారి వెనక షట్టరు ఎత్తింది. ముందుగా బల్ల కింద వంగి చూసింది. చీపురు దేనికీ తగల్లేదు. గడప కడిగి, నూనె గిన్నె పట్టుకొని తలుపు దగ్గరికొచ్చింది. కొత్త గడియ చేతికి చల్లగా తగిలింది.

అప్పుడే సందులో జీపు చప్పుడు. దగ్గరికొస్తోంది. విమల చెయ్యి గడియ మీద బిగుసుకుపోయింది. అవతల ఎవరున్నారో? తీస్తే మళ్ళీ అదే గుంపా, అదే బూట్లా? తలుపుకు చెవి ఆనించింది. కిర్రుకిర్రు, కిర్రుకిర్రు. ఇంకేమీ వినబడలేదు. జీపు ఆగిందో పోయిందో కూడా తెలియలేదు.

ఊపిరి బిగబట్టి నిలబడింది.

అవతల ఫ్యాను ఆగింది.

విమల గడియ తీసింది.